రెండు బుడ్లు తక్కువ

ప్రతి ఏడూ ఈస్టరు మరునాడు మా సంఘానికి వనభోజనం ఉండేది. ప్రొద్దుటూరు, దువ్వూరు, జమ్మలమడుగు, పులివెందుల క్రైస్తవ కుటుంబాలన్నీ జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున చింతతోపులో కలిసేవి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బియ్యం ఎంత పోయాలో, కూర ఎంత వండాలో మా పెద్దలకు కంటికొలతగా తెలుసు. తెలియనిదల్లా గోలీ బిగించిన కలరు సోడా బుడ్ల లెక్క. అంతకుముందు ఏడు లెక్కాజమా లేకుండా తెప్పిస్తే, ముందు చేరినవాళ్లు తలా మూడు బుడ్లు తాగేశారు. దువ్వూరు బండ్లు ఆలస్యంగా వచ్చాయి. వాళ్లకు ఖాళీ బుడ్లలో గోలీల చప్పుడు మిగిలింది. ఆ కోపంతో ఒక ఇంటివాళ్లు చాలా నెలలు చర్చికి రావడమే మానేశారు.

అందుకని ఈసారి జాబితా రాయాలన్నారు. మా నాయన సంఘపెద్ద, బడిలో హెడ్మాస్టరు. రాసే పని నాకు పెట్టాడు. ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వచ్చే పెద్దవాళ్లకు తలా ఒకటి, నడిచే పిల్లలకు ఒకటి, చంకపిల్లలకు లేదు. బుడ్డికి నోరు పెట్టి తాగితే ఎంగిలి గనుక ఒకటి ఇద్దరు పంచుకునే మాట లేదు. పేరు పిలవాలి, మనిషి రావాలి, బుడ్డి తీసుకోవాలి. షాపులో బుడ్లు తక్కువ కాబట్టి ఒక్కటి కూడా అదనంగా రాయకూడదు. ఇవన్నీ నాయన పెట్టిన నియమాలే.

మా అక్క బల్లకు వచ్చే మనిషి కాదు. కడపలో టీచర్ ట్రైనింగు చదువుతూ ఒక లారీ డ్రైవరుతో వెళ్లి, గండి ఆంజనేయస్వామి గుడిలో తాళి కట్టించుకుంది. ఆమెను బల్లకు దూరం పెట్టాలని సంఘంలో లేచి చెప్పింది ఎవరో కాదు, నాయనే. ఆ తరువాత ఐదేళ్లుగా ఆమె పేరు మా ఇంట్లో వినపడలేదు. నేను స్కూలు ఫైనలు పాసై ట్రైనింగుకు పోతానంటే, "ఒగదాన్ని పంపిచ్చి సూసినాం, సాలు" అన్నాడు. రెండేళ్లుగా పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. తప్పు ఆమెది, జైలు నాది.

ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని నాయనకు జాబితా చదివి వినిపించాను. కళ్లు మూసుకుని అంతా విన్నాడు. విని, "ఇంగో రెండు ఎక్కువ రాయి పాపా" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. అయినా అడిగాను.

"ఎవురికి నాయనా?"

"ఎవురికో ఒగరికి. రాయి."

"పేరు లేకుంటే ఏమని పిలిచేది? పేరుండల్లని నువ్వే అంటివి గదా."

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకున్నాడు. ఆయన నలగడం నాకు బాగానే ఉంది. చివరికి అక్క పేరు చెప్పాడు.

"పులివెందులకు చెప్పంపినా. పిల్లను తీసుకోని వస్తాది. అందరి ముందర పేరు పిలిచి నా చేత్తో ఇచ్చినానంటే, ఇంగ ఎవురూ నోరెత్తరు. మల్ల ఇంటికి వస్తా పోతా ఉంటాది."

అక్క పేరూ, పిల్ల పేరూ పెన్సిలుతో రాశాను. నాకు ఒళ్లు మండింది. లేచిపోయిన మనిషికి క్షమాపణా, ఇంట్లో పడి ఉన్న మనిషికి అంట్లగిన్నెలా? నా ట్రైనింగు గురించి ఒక్క మాటైనా అడిగాడా? మరునాడు జాబితాను ఇంకుతో శుభ్రంగా ఎత్తి రాసేటప్పుడు ఆ రెండు పేర్లూ వదిలేశాను. ఆ జాబితా లెక్కప్రకారమే ప్రొద్దుటూరు షాపుకు చీటీ వెళ్లింది. కోపంలో చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ తరువాత మూడు రోజులు గడువుంది. కోపం తగ్గింది, చీటీ మాత్రం దిద్ది పంపలేదు.

బుడ్లు గోనెసంచుల్లో ఎద్దుబండి మీద వచ్చాయి. చల్లగా ఉండాలని పెన్నలో పాయ పక్కన తడి ఇసుకలో మెడల దాకా పాతిపెట్టారు. పది గంటలకే ఎండ మాడ్చేస్తోంది. పులివెందుల బస్సులో వచ్చినవాళ్లలో అందరికన్నా వెనక అక్క దిగింది. నాలుగేళ్ల పిల్లకు రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. తను మాత్రం మా సంఘం ఆడవాళ్లలాగా తలలో పూలు లేకుండా, బొట్టు చెరిపేసుకుని వచ్చింది. బొట్టు ఉన్నచోట చర్మం తెల్లగా ఉంది. ఆడవాళ్లు ఆమెను చూసి చాప మీద సర్దుకుని కూర్చున్నారు, చోటు లేకుండా.

"బాగుండావామే?" అంది నా దగ్గరకొచ్చి.

"ఊఁ" అన్నాను.

"నాయనే రమ్మన్యాడు. నిజమే గదా?"

"నాకేం తెల్సు" అన్నాను.

ప్రార్థన అయ్యాక నేను పేర్లు పిలవడం మొదలుపెట్టాను. నాయన ఇసుక పక్కన పీట వేసుకుని, ఒక్కొక్క బుడ్డీ పెరికి, పంచె చెంగుతో తుడిచి ఇస్తున్నాడు. అక్క వరసలో చిట్టచివర నిలబడింది. పేరు పిలిచినప్పుడల్లా పిల్ల మొహం కొంగుతో తుడుస్తోంది, తరువాతి పేరు తమదేనేమోనని. నాయన కూడా నా వైపు చూస్తున్నాడు. నేను కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

ఇచ్చేవాడు చివర తాగాలని ఆయన తన పేరు ఆఖరున రాయించుకున్నాడు. ఆ పేరు పిలిచి కాగితం మడిచాను.

నాయన ఒక చేత్తో తన బుడ్డి పట్టుకుని, రెండో చేత్తో ఇసుకలో వెతికాడు. మోచేతి దాకా పెట్టి వెతికాడు.

"ఇంగా రెండుండల్ల" అన్నాడు మెల్లగా.

"లేవు నాయనా. లిస్టులో ఉండేటోళ్లందరికీ వచ్చినాయి."

అందరికీ వినపడేలా అన్నాను. జమ్మలమడుగు పెద్దమనిషి ఒకాయన, "లెక్కంటే ఇట్లుండల్లప్పా!" అని చప్పట్లు కొట్టాడు. నలుగురూ కలిశారు. "మా, నాకేదీ?" అని పిల్ల అడగడం ఆ చప్పట్లలోనే వినపడింది. నాయన చేతిలోని బుడ్డి కొంచెం ముందుకు కదిలింది. అది ఎటు పోతుందో నాకు తెలుసు. చటుక్కున అందుకుని, బొటనవేలితో గోలీ నొక్కి, పొంగుతున్న బుడ్డి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"తాగు నాయనా. అందరూ సూస్తాండారు."

సంఘంలో గొంతెత్తితే ఎదురులేని మనిషి, కళ్లు మూసుకుని తాగాడు. రెండు గుక్కలు తాగాడు. అక్క నా వైపు చూడనే లేదు, ఆయన తాగడమే చూసింది. పిల్లను చంకనేసుకుని, ఇసుకలో కాళ్లు కూరుకుపోతుంటే, బస్సు రోడ్డు వైపు నడిచింది. భోజనానికి ఉండమని ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బండిలో, "రాసినావనుకుంటి" అన్నాడు నాయన. "మర్చిపోయినా" అన్నాను. మళ్లీ అడగలేదు. బడులు తెరిచే నెలలో ఆయనే నన్ను కడపకు తీసుకుపోయి ట్రైనింగులో చేర్చాడు. "ఇంగ ఇంట్లో నీకేం పని" అన్నాడు. నన్ను కళ్లెదుట ఉంచుకోలేక పంపాడని నాకు తెలుసు. అయినా సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అక్కకు ఆయన మళ్లీ రెండుసార్లు మనిషిని పంపాడు. ఆమె రాలేదు.

ఆయన పోయినప్పుడు మాత్రం వచ్చింది. సమాధుల తోట గోడ బయటే నిలబడింది. అందరూ పెట్టె మీద మన్ను వేస్తుంటే నేను ఆమె దగ్గరికి వెళ్లాను.

"లోపలికి రాక్కా. పిడికెడు మన్నెయ్యి."

"ఎందుకెయ్యల్ల? బిడ్డ నోరెండి నిలబడుంటే, నా కండ్ల ముందర తాగినాడు. పిలిపిచ్చి మరీ తాగినాడు. శత్రువు గూడా అంత పని చెయ్యడుమే."

నేను నోరు తెరిస్తే చాలు, ఆమె పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లి ఉండేది. గుంత ఇంకా పూడలేదు. పారల చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

"నువ్వన్నా పిలవనొస్తివి" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. గుంత పూడేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాం.