రెండుసార్లు నూనె తాగిన మోటారు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, హైదరాబాదులో స్కూటరున్న ప్రతివాడూ సగం మెకానిక్కే. పెట్రోలు పోయించుకుని, అందులో కొలిచి నూనె కలిపించుకుని, బండిని అటూ ఇటూ బాగా ఊపితే గాని కిక్కు కొట్టేవాళ్ళం కాదు. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్లో కలిసిన ఆ నూనే ప్రాణమనీ, అది లేకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని పట్టేస్తుందనీ స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అలాంటి ఊళ్ళో నూనె కలపక్కర్లేదని నోరు విప్పి చెప్పిన మొదటి మూర్ఖుణ్ణి బహుశా నేనే.

మా పిన్ని భర్త, అంటే బాబాయి, సినిమాలు తీసేవాడు. ఫిల్మ్ నగర్‌లో ఆఫీసు, జూబ్లీ హిల్స్‌లో ఇల్లు. నేను డిగ్రీ అయిందనిపించుకుని భీమవరం నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో నాలాంటి వాళ్ళతో ఒక గది పంచుకుంటూ ఆయన దగ్గర ప్రొడక్షన్‌లో పనిచేసేవాణ్ణి. (పని అంటే, టీలు చెప్పడం దగ్గర్నుంచి హీరోయిన్‌గారి అమ్మగారికి మల్లెపూలు తెచ్చిపెట్టడం దాకా. సెట్లో ఆయన్ని బాబాయ్ అనకూడదు, సార్ అనాలి. అలవాటు కొద్దీ ఇంట్లో కూడా సార్ అంటే పిన్ని పడీ పడీ నవ్వేది.) నా కోరికల్లా ఒక్కటే, క్లాప్ బోర్డు. షాటుకు ముందు కెమెరా ఎదురుగా నిలబడి టక్కుమని కొట్టే ఆ పలక చేతికొస్తే అసిస్టెంట్ డైరెక్టర్ల లెక్కలో చేరినట్టే. అద్దం ముందు దువ్వెన్నీ సబ్బుపెట్టెనీ కొట్టి సాధన చేసేవాణ్ణంటే నా పిచ్చి ఏ పాటిదో అర్థం చేసుకోండి.

బాబాయి అంతకు ముందు తీసిన సినిమాలో ఒక పడవ పాట ఉంది. ఆ పాట మొదటి షాటు రోజున మోటారుకు పోసే పెట్రోల్లో ఆయనే స్వయంగా నూనె కలిపాడట. సినిమా అద్భుతంగా ఆడింది. కథ వల్ల ఆడిందని రచయిత, పాటల వల్ల ఆడిందని సంగీత దర్శకుడు అనుకుంటూండగా, నూనె వల్ల ఆడిందని బాబాయి తేల్చేశాడు. సినిమావాళ్ళు దీన్ని సెంటిమెంటంటారు. కొత్త సినిమాలోనూ పడవ పాట పెట్టించాడు. కాకపోతే ఈసారి పడవ జోరుగా పోవాలన్నాడు డైరెక్టరు. సింగపూరు నుంచి దిగిన కొత్త మోటారు మద్రాసులో ఉందని తెలిసి, దాన్ని తీసుకురమ్మని నన్ను పంపించారు.

అక్కడి దుకాణం ఆయన మోటారు మూత తీసి చూపిస్తూ ఒకటికి పదిసార్లు చెప్పాడు. దీని నూనెకు వేరే ట్యాంకుంది, ఎంత కావాలో అంత ఇదే పీల్చుకుంటుంది, పెట్రోల్లో మాత్రం చుక్క కూడా కలపొద్దు, కలిపితే రెండు నూనెలూ చేరి పొగ కమ్మేసి మోటారు ఆగిపోతుంది అని. నాకు మతిపోయింది. మోటారుకు తనంతట తాను నూనె పోసుకునే తెలివా! రైల్లో దానికి నా దుప్పటి కప్పి తీసుకొచ్చాను.

షూటింగు దుర్గం చెరువులో. హీరోగారు ఆ ఒక్క ఉదయమే దొరికారు. అది తప్పితే మళ్ళీ ఎప్పటికో. "మోటారు ఆగకుండా చూసుకో. షాటు సవ్యంగా వచ్చిందో, రేపట్నుంచి క్లాపు నీదే. ఆగిందో, సాయంత్రం బస్సుకి భీమవరం" అన్నాడు బాబాయి. 

తీరా చూస్తే పసుపు కుంకాలు పెట్టిన పెట్రోలు డబ్బా, పక్కనే నూనె సీసా పట్టుకుని బాబాయి సిద్ధంగా ఉన్నాడు. పరిగెత్తి అడ్డం పడ్డాను.

"సార్, దీనికి కలపకూడదు సార్. దాని నూనె అదే కలుపుకుంటుంది."

"అదే కలుపుకుంటుందా? వంట కూడా చేసుకుంటుందేంట్రా?" అన్నాడు బాబాయి.

పడవ నడిపే అతన్ని మేమంతా సరంగన్న అనేవాళ్ళం. పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. అతనైనా ఆదుకుంటాడేమోనని చూశాను.

"ఏంది తమ్మీ, నూనె కలపకుంటే ఇంజను పట్టేస్తది. గా దుకాణపాయన ఎన్నడన్న పడవ నడిపిండా? జర పక్కకు జరుగు" అన్నాడతను.

పోనీ ట్యాంకులో ఉన్న నూనైనా తీసేద్దామా అంటే, అది ఖాళీ అయితే మోటారు కీచుమని కూత పెట్టి వేగం తగ్గించేసుకుంటుందని కూడా దుకాణం ఆయన చెప్పాడు. నేను నోరు తెరిచేలోగా బాబాయి కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, సీసా మొత్తం వంపేశాడు.

పడవలో హీరో, హీరోయిన్ నిలబడ్డారు. కెమెరాకు కనబడకుండా సరంగన్న వెనకాల దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. యాక్షన్ అన్నారు. తాడు లాగగానే మోటారు మహా జోరుగా అందుకుంది. పడవ చెరువు నడిమికి చేరేసరికి దాని వెనక నుంచి తెల్లటి పొగ లేచింది. లేచి, పెరిగి, పెరిగి, ముందు సరంగన్న దుప్పటినీ, తర్వాత హీరోయిన్‌నీ, చివరికి హీరోగారినీ మింగేసింది. పొగలోంచి దగ్గులు మాత్రం వినిపిస్తున్నాయి. (ఎవరి దగ్గు ఎవరిదో పోల్చుకోవడం కష్టం.) ఆ తర్వాత మోటారు టపటపమని కొట్టుకుని ఆగిపోయింది.  డైరెక్టరు కట్ చెప్పడం కూడా మర్చిపోయాడు, కెమెరా తిరుగుతూనే ఉంది. నేను మనసులో అప్పుడే భీమవరం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

అంతలో గాలి వీచింది. పొగ మెల్లగా విడిపోతుంటే, వెనక నుంచి ఎండపొడ తగిలి, అందులోంచి హీరో హీరోయిన్లు మబ్బుల్లో తేలుతున్నట్టు బయటికొచ్చారు. దగ్గి దగ్గి ఇద్దరి కళ్ళల్లో నీళ్ళు. అది విరహమే అనుకోవాలి ఎవరైనా.

"కట్! అద్భుతం!" అని డైరెక్టరు కుర్చీలోంచి ఎగిరాడు. "ఈ పొగ ఐడియా ఎవరిది?"

"మా వాడిదే" అంటూ బాబాయి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఇంకొక్క టేకు. ఈసారి పొగ ఇంకాస్త కావాలి" అన్నాడు డైరెక్టరు. పడవను ఒడ్డుకు లాగి, సరంగన్న ప్లగ్గు తుడిచి బిగించాడు. "ఇంకో సీసా పొయ్యరా" అన్నాడు బాబాయి. నూనె కలపొద్దని పొద్దున్నుంచీ మొత్తుకున్న నేనే ఆ రెండో సీసా వంపాను. టేకు బ్రహ్మాండంగా వచ్చింది గానీ, క్లాపు సంగతి సినిమా విడుదలయ్యాక చూద్దామన్నాడు బాబాయి.

సినిమా విడుదలైంది. పొగ పాట కోసమే జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. క్లాపు సంగతి అడుగుదామని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫిల్మ్ నగర్ ఆఫీసుకు వెళ్ళాను.

"క్లాపా? నువ్వా? పిచ్చా నీకు?" అన్నాడు బాబాయి నిజంగానే అదిరిపడుతూ. "క్లాపు కొట్టేవాడు యూసుఫ్‌గూడలో గుమ్మానికొకడు దొరుకుతాడు. నీ చేత్తో నూనె పోశాకే ఇంత ఆడింది, నువ్వు నాకు సెంటిమెంటువిరా. ఇకమీదట నా ప్రతి సినిమాకీ మొదటి షాటులో ఏ బండి ఉంటే ఆ బండికి నూనె నువ్వే పొయ్యాలి. అదొక్కటే చాలు, ఇంకేం చెయ్యకు."

ఆ రోజు కృష్ణానగర్ దాకా నడుస్తూ నిజంగానే ఏడ్చాను. తర్వాత జీపుకి పోశాను, ట్రాక్టరుకి పోశాను, ఒకసారైతే నూనెతో పనే లేని సైకిల్ రిక్షాకి ఇరుసులో రెండు చుక్కలు వేసి దణ్ణం పెట్టాను. చివరికి విసిగిపోయి, ఊరెళ్ళి ఎరువుల కొట్టు పెట్టుకున్నాను. నన్ను క్లాపు పట్టుకోనివ్వలేదని చాలా ఏళ్ళు బాబాయి మీద కోపంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త గర్వంగా కూడా ఉంటుంది. హీరోల్ని మార్చేవారు, డైరెక్టర్లని మార్చేవారు, కథనైతే రోజూ మార్చేవారు. నేను వచ్చేదాకా మాత్రం కెమెరా ఆన్ చేసేవారు కాదు.