ముప్ఫై అంగలు

గాజువాకలోని ఆ హైస్కూల్లో డ్రిల్లు మేడమ్ రోజారమణికి టేపుతో పనిలేదు. ఏటా బడి తెరవగానే చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాన్వాస్ బూట్లతో మొదటి ఖోఖో స్తంభం దగ్గర్నించి ముప్ఫై అంగలు వేసేది. ముప్ఫయ్యో అంగ పడినచోట రెండో స్తంభం పాతించేది. ఇరవై ఆరేళ్ళుగా అదే లెక్క. ఈమధ్య మోకాళ్ళు పట్టేస్తున్నా అంగలు మాత్రం ముప్ఫైయే. ఈసారి గోపాలపట్నం పోటీల్లో పిల్లలు స్తంభం అందేలోపే ఆయాసపడి ఓడిపోయారు. మర్నాడు పదో తరగతి నీలిమ చేతిలో టేపుతో వచ్చి తలొంచుకుంది. "మన కోర్టు మూడు మీటర్లు పొట్టిగుంది మేడమ్. రెండుసార్లు కొలిసేం."

రోజారమణి మోకాలు తడుముకుంది. "నువ్వు నడు. నాను లెక్కెడతాను," అంది. ఆ పిల్ల సాగదీసి అంగలేస్తుంటే అరుగు మీద కూచుని ఒకటి, రెండు అంటూ పైకే లెక్కపెట్టింది. స్తంభం దాటాక గడ్డి మొలిచిన పాత స్తంభాల గుంతలు వరసగా ఉన్నాయి. ముప్ఫయ్యో అంగ చిట్టచివరి గుంత దగ్గర పడింది. ఉద్యోగంలో చేరిన ఏడు తను తవ్వించిన గుంత అది. రోజారమణి అటు వేలు చూపించింది.

"అదిగో, అక్కడిదాకా వెళ్ళీదాన్ని నాను," అంది.