ఎడమ సీటు

మా అన్నయ్యని బోట్ల షెడ్డులో అందరూ "మళ్ళీ" అంటారు. ఎవరో పెట్టిన పేరు కాదు, తనే తెచ్చుకున్నాడు. ఏ నట్టు బిగించినా నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి "మళ్ళీ ఒకసారి చూద్దాం" అంటాడు. ఇంట్లో గ్యాసు కట్టేసి మళ్ళీ చూస్తాడు. గడియ వేసి మళ్ళీ లాగుతాడు. ఒకచోట కూర్చోవడం మాత్రం ఎరగడు. కాలు కాలిన పిల్లి అంటారు చూడండి, ఆ పిల్లయినా కాలు మానాక కాసేపు పడుకుంటుంది. ఈయనకి అదీ లేదు.

నేను ఆయన చెల్లెల్ని. అదే షెడ్డులో ఒక మూల నా కుట్టుమిషను. బోట్ల సీట్లకి స్పాంజి కోసి రెగ్జిను కుడతాను, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి అందరికీ తెలుసు కాబట్టి నా మిషను మీద ఎవరూ టీ గ్లాసు పెట్టరు. మా అన్నయ్య గురించి నేను కాక ఇంకెవర్ని అడిగినా, మంచివాడు, జాగ్రత్త మనిషి అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మంచివాడే, కాదనను. జాగ్రత్త మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండేళ్ళ కిందటి దాకా ఆయనంత నిబ్బరమైన మనిషి ఈ షెడ్డులో లేడు. పనయ్యాక చేతులు తుడుచుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. బోటుకి స్టీరింగ్ ఎవరు బిగిస్తే, మొదటిసారి నీళ్ళలో పరిగెత్తించేటప్పుడు వాళ్ళే డ్రైవరు పక్కన, ఎడమ సీటులో కూర్చోవాలి. ఎక్కడా రాసిపెట్టలేదు. నీ పని మీద నీకు నమ్మకముంటే నీ ఒళ్ళు కూడా దాని మీద పెట్టు, అంతే. పన్నెండేళ్ళ కిందట ఒక రేసు బోటుకి స్టీరింగ్ బిగించింది మా అన్నయ్య. ఆ పొద్దున కడుపునొప్పి అన్నాడు. ఆయన బదులు ఎడమ సీటులో మా ఆయన కూర్చున్నాడు. మా ఆయన ఇంజన్ల మనిషి, ఎవరు ఏ పని చెప్పినా కాదనడం తెలీదు.

బోటు వెనకాల నీళ్ళలోకి దిగి ప్రొపెల్లర్ని మోసే భాగాన్ని మేము కాలు అంటాం. అది ఎటు తిరిగితే బోటు అటు తిరుగుతుంది. ఆ రోజు బోటు వేగం అందుకోగానే కాలు ఊగడం మొదలుపెట్టింది, బోటు అడ్డం తిరిగింది. డ్రైవరుకి గీతలతో పోయింది. మా ఆయన మాత్రం అంచుకి కొట్టుకుని నీళ్ళలో పడ్డాడు. ఎడమ భుజం ముక్కలైంది. ఇప్పటికీ ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు, చొక్కా నేనే తొడుగుతాను.

"అల చెడ్డది" అన్నాడు మా అన్నయ్య. అందరూ అవునన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నప్పుడు మద్దెలైనా ఎదురుగా ఉంటుంది, అలని ఎక్కడని వెతికి అడుగుతాం? ఆ రోజు నుంచే ఆయనకి ఈ మళ్ళీ జబ్బు. ఆ రోజు నుంచీ ఏ బోటూ ఎక్కలేదు. ఆయన బిగించిన బోట్లలో ఎడమ సీటులో ఇంకెవరో కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనరు. నేనూ అనలేదు. ఊరందరినీ కడిగేసేదాన్ని, ఆయన్ని ఆ ఒక్క మాట అడగలేకపోయాను. ఏం చెప్తాడోనని భయం.

ఆయన కూతురికి ఇరవై ఆరేళ్ళు. బోట్లు నడుపుతుంది, మా షెడ్డులో దాని కన్నా బాగా నడిపేవాళ్ళు లేరు. ఈ వేసవిలో ఒక రేసు బోటు దాని చేతికొచ్చింది. బోటు యజమానిని మేము చాటుగా తొందరగారు అంటాం, ఆయన వాక్యం కూడా సగంలోనే వదిలేస్తాడు. ఆదివారం పొద్దున రేసు జట్టువాళ్ళు వస్తారు, అమ్మాయి ఆ బోటు నడిపి చూపిస్తుంది, నచ్చితే జట్టులో తీసుకుంటారు. ఇదీ ఏర్పాటు.

ఆ వారం సోమవారం నాడు అమ్మాయి బోటు ఒక చుట్టు తిప్పి వచ్చింది. వాళ్ళ నాన్న ముందు స్టీరింగ్ చక్రాన్ని అటూ ఇటూ కదిపింది. "చూడు నాన్నా, రెండు వేళ్ళ ఆట ఉంది. చక్రం తిరుగుతోంది, కాలు కదలట్లేదు. ఇది తీసేసి బయట సిలిండర్లు పెట్టే హైడ్రాలిక్ స్టీరింగ్ వేద్దాం."

"రెండు వేళ్ళ ఆట అన్ని బోట్లకీ ఉంటుంది" అన్నాడు అన్నయ్య.

నా మిషను ఆగిపోయింది. ఈ మాట నేను ముందొకసారి విన్నాను. పన్నెండేళ్ళ కిందట, ఆ బోటు డ్రైవరు అడిగితే ఇదే మాట, ఇదే గొంతుతో అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అమ్మాయి ఇంకేమీ అనకుండానే ఆయన మా ఆయన వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఉంటుంది నాన్నా. నాకొద్దు" అంది అది.

పాత పద్ధతిలో బోటు వెనక పలక లోపలి నుంచి ఒక్క ఇనప చెయ్యి వచ్చి కాలుని తిప్పుతుంది. ఆ చెయ్యి కీలు అరిగే కొద్దీ ఆట పెరుగుతుంది. మెల్లగా పోయే బోటుకి దానితో ఇబ్బంది లేదు. రేసు బోటు సగానికి సగం గాల్లోనే ఉంటుంది, అప్పుడు ఆ ఆట కాలుకి ఊపు నేర్పుతుంది. కొత్త పద్ధతిలో రెండు సిలిండర్లు పలక బయట చెరో పక్కన కూర్చుని కాలుని నేరుగా పట్టుకుంటాయి, అల్లరి పిల్లాణ్ణి రెండు చెవులూ పట్టుకున్నట్టు. చక్రం తిప్పితే దాని వెనక పంపు నూనెని గొట్టాల్లోకి తోస్తుంది, సిలిండరు కాలుని తోస్తుంది. మధ్యలో ఆటకి చోటు లేదు.

మూడు రోజులు పట్టింది. పలకకి రంధ్రాలు వేసే ముందు అన్నయ్య కొలతలు ఆరుసార్లు తీశాడు. ఒక గీత గీస్తాడు, చెరిపేస్తాడు, షెడ్డు చివరిదాకా నడిచి వస్తాడు, మళ్ళీ అక్కడే గీస్తాడు. అన్నం తినడానికి పిలిస్తే నిలబడే తిన్నాడు, తింటూ కూడా సిలిండర్ల వైపే చూపు. మా వదిన ఫోన్ చేసి, "రాత్రుళ్ళు మంచం మీద చక్రం తిప్పుతున్నట్టు చేతులు తిప్పుతున్నాడు, ఏమైంది ఈయనకి" అంది. "ఏమీ కాలేదు వదినా, ఎప్పుడూ ఉండేదే" అన్నాను. అబద్ధమే చెప్పాను.

శనివారం నూనె పోసి గాలి తీశాం. అది ఇద్దరి పని. ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు సిలిండరు చివర మర వదులు చేసి, బుడగలు పోయి చిక్కటి నూనె వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి. చక్రం నేను తిప్పాను. గొట్టంలో గాలి మిగిలితే చక్రం చివర మెత్తగా ఉంటుంది, పూర్తిగా పోతే రాయికి తగిలినట్టు టక్కున ఆగుతుంది. సాయంత్రానికి అలా టక్కున ఆగింది. "చాలన్నయ్యా, ఇంక ముట్టుకోకు" అని గట్టిగా చెప్పి ఇంటికెళ్ళాను.

ఆదివారం పొద్దున బోటు రేవులోకి దిగింది. జట్టువాళ్ళు అవతలి ఒడ్డున నిలబడ్డారు. తొందరగారు రేవు మీద పరుగులు పెడుతున్నాడు. అమ్మాయి కుడి సీటులో కూర్చుని హెల్మెట్ పెట్టుకుంటూ, "నాన్నా, రా. నువ్వేగా బిగించింది" అంది.

"నడుం పట్టేసిందమ్మా" అన్నాడు అన్నయ్య.

"పర్లేదు బావా, నేను కూర్చుంటాలే" అన్నాడు మా ఆయన.

నా ఒళ్ళు మండిపోయింది. ఇద్దరి మీదా. నోరు తెరిస్తే ఆ రోజు రేవులో ఎవరూ మిగలరని, మాట్లాడకుండా బోటులోకి దిగాను. ఎడమ సీటు పట్టీ బిగించాలన్న వంక ఒకటుంది. బిగించి లేస్తూ, పక్కకి వంగి చక్రం చివరిదాకా తిప్పాను. ఆగాల్సిన చోట ఆగలేదు. మెత్తగా ఇంకాస్త తిరిగింది. నా బతుకంతా స్పాంజితోనే గడిచింది, అది ఎక్కడున్నా నా చెయ్యి పట్టేస్తుంది.

"అన్నయ్యా, మళ్ళీ విప్పావా?"

"లేదే."

వెనక్కెళ్ళి వంగి చూశాను. ఎడమ సిలిండరు గొట్టం కీలు దగ్గర శుభ్రంగా తుడిచి ఉంది. మిగతా కీళ్ళ మీద నిన్నటి దుమ్ము అలాగే ఉంది.

"ఏంటమ్మా, వాళ్ళు అక్కడ..." అన్నాడు తొందరగారు.

నేను ఆయన వైపు చూడలేదు. "అన్నయ్యా, కుడి సీటులో నీ కూతురుంది. ఎడమ సీటులో ఎవరు కూర్చోబోతున్నారో నీకు తెలుసు. ఈసారి అల అనకు. విప్పావా, లేదా?"

మా అన్నయ్య చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పెదవులు తడి చేసుకున్నాడు.

"విప్పాను" అన్నాడు. "పొద్దున్నే వచ్చి విప్పాను. లోపల రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదోనని అనుమానమొచ్చింది. సరిగ్గానే ఉంది. తిరిగి బిగించాను కానీ గాలి దూరింది." తర్వాత తొందరగారి వైపు తిరిగాడు. "ఇంకో రెండు గంటలు పడుతుందండీ. తప్పు నాది."

"వాళ్ళు రెండు గంటలు ఆగరయ్యా, అమ్మాయి..."

"ఆగకపోతే వెళ్ళనివ్వండి" అంది మా మేనకోడలు హెల్మెట్ తీసేస్తూ. ఎన్నాళ్ళుగా ఎదురుచూసిన రోజో నాకు తెలుసు.

వాళ్ళు వెళ్ళిపోయారు. వచ్చే నెల చూద్దామన్నారట, చూస్తారో చూడరో. మేము మళ్ళీ నూనె పోశాం. నేను చక్రం తిప్పాను, ఆయన మర దగ్గర కూర్చున్నాడు. ఈసారి లేచి తిరగలేదు. చివరి బుడగ పోయేదాకా అక్కడే మోకాళ్ళ మీద ఉన్నాడు. చక్రం టక్కున ఆగింది. అమ్మాయి చేత కూడా తిప్పించి చూశాను. ఎవరూ చూడకపోయినా బోటుని ఒకసారి పరిగెత్తించాల్సిందే అంది అది, వచ్చి కూర్చుంది.

మా ఆయన ఎడమ సీటులోకి కాలు పెట్టబోయాడు. అప్పటికే లైఫ్ జాకెట్ తొడుక్కుని వచ్చిన అన్నయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"బావా, ఆ రోజు నాకు కడుపునొప్పి లేదు. చక్రంలో ఆట ఉందని నాకు తెలుసు. భయమేసి ఎక్కలేదు."

"తెలుసు" అన్నాడు మా ఆయన. "ఆ జాకెట్ కింది పట్టీ వదులుగా ఉంది, ఇటు తిరుగు." కుడి చేత్తో పట్టీ లాగి బిగించాడు.

అన్నయ్య ఎక్కి కూర్చున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. బోటు రేవు దాటి వేగం అందుకుంది, ముక్కు పైకి లేచింది, మొదటి మలుపు గీత గీసినట్టు తిరిగింది. కాలు ఊగలేదు. రెండో మలుపూ అంతే. నాకు అప్పటిదాకా ఊపిరి ఆడలేదు, ఆడాక కోపమొచ్చింది.

"నీకు తెలుసా? ఎప్పటినుంచి?" అన్నాను మా ఆయనతో.

"నన్ను నీళ్ళలోంచి పైకి తీసినప్పుడు మీ అన్నయ్య ముఖం చూశాను."

"పన్నెండేళ్ళు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మీ అన్నయ్య గడప తొక్కేదానివా?"

తొక్కేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు.

బోటు వేగం తగ్గించుకుని రేవు వైపు వస్తోంది. నేను మెట్లు దిగి నీళ్ళ దగ్గర నిలబడ్డాను. ఎడమ సీటులోంచి మా అన్నయ్య లేచి తాడు విసిరాడు. పట్టుకున్నాను.