గొంగడిల సుట్టిన బరఫ్

భువనగిరి కురుమవాడల నర్సింగమ్మ నోటికి జడవని మనిషి లేడు. పోలీస్ యాక్షన్ అయిన పదేండ్లకు ఆమె ఇంట్ల మామిడిపండ్ల బరఫ్ చేసుడు మొదలుపెట్టింది. రంగునీళ్లు గడ్డకట్టించి పుల్లకు గుచ్చి అమ్మేటోడు కనబడితే చాలు, "పండు మొఖం చూసిందారా అది?" అని వాడకట్టు దాటేదాక తిట్టేది.

ఆ ఎండకాలం బిడ్డ సైదమ్మ చంటిపిలగానితోని పుట్టింట్ల ఉంది. వానలు పడేదాక పంపొద్దని నర్సింగమ్మ పట్టు. వియ్యపురాలు గుర్వమ్మ మాత్రం కోడల్ని తోల్కపోతనని నకిరేకల్ దిక్కు నుంచి దిగనే దిగింది.

వచ్చినామె కడుపు సల్లబడితే మాట మెత్తబడుతదని నర్సింగమ్మ ఆశ. పెనిమిటి బీరన్నను పొద్దుగాల్ల రైలుకు పట్నం తోలింది. ఆయన ఆడ కొన్న బరఫ్ గడ్డను వడ్లపొట్టుల పొర్లించి, బయటి ఉడుకు తలగకుండ గొంగడిల సుట్టి, మోసుకొచ్చి అర్ర మూలకు పెట్టిండు. ఆమె పెరట్ల కూసోని రసాలు పిసికి, మరిగిన పాలు, చక్కెర కలిపి డబ్బాకు మూత బిగించింది. ఇగ బకీట్ల బరఫ్, దొడ్డుప్పు పోసి అందుల డబ్బా తిప్పుడే మిగిలింది.

అర్రలకు పోయి చూస్తే గొంగడి దండెం మీద ఆరుతాంది. బరఫ్ కిటికీ కింద పిడికెడు మిగిలింది.

"ఎవలిప్పిన్రు?"

"నేనే వదినె," అన్నది గుర్వమ్మ. "సలికి కప్పుకునే గొంగడి బరఫ్‌కు కప్పుతరా ఎవలన్న? ఉక్కకు కారుతాంటే జర గాలి తలగనిచ్చిన. మందల ఎంబడి తిరిగినోళ్లం, గొంగడి ఎంత ఉడుకో మాకెరుకలేదా?"

నర్సింగమ్మ నేల మీది నీళ్లను పాతగుడ్డతోని ఒత్తి, చెంబుల పిండి, తెచ్చి ఆమె ముందల పెట్టింది.

"తాగు. నువ్వు చేసిన బరఫే. గడ్డను గడియసేపు కాపాడలేనిదానివి, గీ ఎండల నా మనుమణ్ని ఏం కాపాడుతవ్? వానలు పడ్డంక రా, పో."

వాకిట్ల చేరిన వాడకట్టు ఆడోళ్లు కిసుక్కున నవ్విన్రు. గుర్వమ్మ చెంబును కాలితోని తన్ని లేచింది.

గెలిచిన అనుకున్నది నర్సింగమ్మ. గంతల్నే సైదమ్మ పిలగాన్ని సంకనేసుకొని, బట్టలమూటతోని బయటికొచ్చింది.

"ఏడికే?"

"మా అత్తెంబడి. గుడ్డ పిండిన నీళ్లు పెట్టినవ్ ఆమెకు. ఇప్పుడు నేనీడనే ఉంటే మల్ల ఆ గడప తొక్కనిస్తదా? కాపురం నాదమ్మా, నీ నోటిది కాదు."

ఎండ ఇంక దిగకముందే అత్తాకోడండ్లు బస్సు దిక్కు పోయిన్రు.

"ఒక్క మాట పిలువరాదే," అన్నడు బీరన్న.

"నేను పిలుస్తనా? థూ!"

డబ్బా మూత ఊడబీకి, రసమంత బర్రె కుడితిల కుమ్మరించింది. వేలికంటింది సుత నాకలే.