మా సోషల్ సారు తడి తువ్వాలు

మా సోషల్ సారు పోయారు. కొత్తూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పాత క్లాస్‌మేట్ వచ్చి చెప్పాడు. వాళ్ల ఊరు సాతంరాయిలో దహనానికి వెళ్లొచ్చాను.

శంషాబాద్ బడిలో ఏటా తొమ్మిదో తరగతిని ఆయన గోల్కొండకు తీసుకెళ్లేవారు. కోటలో పల్లీలు తింటే పొట్టు జేబులోనే వేసుకోవాలి. తిరిగొచ్చి బస్సు దిగాక అందరి జేబులూ దులిపించేవారు. గోడల మీద బొగ్గుతో రాసిన పేర్లు కనబడితే ఒళ్లు మండిపోయేది ఆయనకి. సంచిలోంచి తడి తువ్వాలు తీసి, గొణుక్కుంటూ తుడిచేవారు. మేకుతో గీకిన పేర్లు పోయేవి కావు. అక్కడేదో కుళ్లినట్టు ముక్కు మూసుకుని ముందుకు నడిచేవారు.

"ఎనిమిది నెలలు ఢిల్లీ ఫౌజు ఫిరంగులతోని కొట్టిందిరా. కోట లొంగలే. లోపలోడే ఒకడు ఆశపడి తలుపు తీసిండు," అనేవారు. "వాన్ని తలుసుకుంటె కోపమొస్తది. ఏ ఆశా లేకుంట గోడ ఖరాబు చేసేటోన్ని చూస్తె వాంతికొస్తది."

నాకు చరిత్రలో మార్కులు రాలేదు. పాత గోడ కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కర్మ అయిన మర్నాడు పాత విద్యార్థులం బడిలో కూడాం. దండేసిన ఫోటో, మైకు. ఆయన బతికుండగా 'తువ్వాలు సారు' అని వెక్కిరించినవాళ్లే మైకు పట్టుకుని ఏడ్చారు. అసహ్యం వేసింది. అంతటితో ఆగినా బాగుండేది. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం చేస్తున్న మా క్లాసు లీడరు లేచాడు.

"సారు పేరు ఎప్పటికీ ఉండాలె. గందుకే నిన్న గోల్కొండ గోడ మీద రాయించినం. ఎర్ర పెయింటు. వానకు గూడ పోదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

"సారు చూస్తే ఏమంటుండెరా?" అని అడిగాను.

"ఖుష్ అయితుండెరా," అన్నాడు. వాడి కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. ఆ ప్రేమ చూస్తే ఇంకా రోత పుట్టింది.

మర్నాడు థిన్నర్ సీసా, ఒక తువ్వాలు పట్టుకుని గోల్కొండ వెళ్లాను. మెట్ల పక్కన నిలువెత్తు అక్షరాలు. పైన సారు పేరు, కింద మా బడి పేరు, మా బ్యాచి. కింది నుంచి మొదలుపెట్టి రుద్దాను. పిల్లలతో మెట్లెక్కుతున్న ఒకాయన ఆగాడు.

"ఎవరి పేరు అది?"

"మా సారుది."

"పాపం, ఏం చేసిండని అంత పగ?"

రాతి మీద సారు ఇంటిపేరు ఇంకా ఎర్రగా ఉంది. తువ్వాలు మడత తిప్పి, కొస మళ్లీ తడిపాను.