సిస్సు దారి కోసం నాచారంలో టైర్లు మార్చిన రోజు

పోయిన చలికాలం మనాలి దాటి, కొండ కింది సొరంగంలోంచి బయటపడి సిస్సు ఊరికి దిగుతుంటే మా కారు మంచులో జారింది. వేగం ఇరవై కూడా లేదు. బ్రేకు నొక్కితే పెడల్ కాలి కింద గడగడలాడింది గానీ బండి ఆగలేదు. ఎడమ పక్కనున్న మంచుగోడను గుద్దుకుని నిలబడింది. నా పక్క సీట్లో ఉన్న మా తోడల్లుడు శ్రీధర్ గారి మణికట్టు ఎముక చిట్లింది. జారకుండా టైర్లకు చుట్టడానికి మనాలిలో అద్దెకు తీసుకున్న మంచు గొలుసులు డిక్కీలోనే ఉన్నాయి. మా వెడల్పాటి టైర్లకు అవి పట్టలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో కలిసినప్పుడల్లా ఆయన మా పిల్లల చదువులు అడిగేవారు, కారు మాట మాత్రం ఎత్తేవారు కాదు. ఈసారి అక్కచెల్లెళ్లిద్దరూ, అంటే మా ఆవిడా వాళ్లక్కా, మళ్లీ సిస్సు వెళ్దామని తేల్చేశారు. శ్రీధర్ గారు తామిద్దరూ మనాలి నుంచి బస్సులో వస్తామని కబురు పంపారు. ఆ కబురు విన్న వారంలోనే టైర్లు మార్చాలని నిర్ణయించుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు చిల్కానగర్‌లో ఇంటి నుంచి బయల్దేరి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌తో ఆ కాస్త దూరానికే పాతిక నిమిషాలు పట్టింది. అక్కడి సేల్స్‌మన్ నా టైరు మీద 265/65 R17 అని చదివి, అదే సైజు వేయించుకోమన్నాడు, బండికి మంచి లుక్ ఉందన్నాడు. మంచులోకి వెళ్తున్నానంటే, వెడల్పు ఎంత ఎక్కువుంటే పట్టు అంత ఎక్కువన్నాడు. రెండేళ్ల కిందట ఆ లుక్ మోజులోనే డబ్బు పెట్టిన వాణ్ని. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

అక్కడి నుంచే నాచారంలో ఉండే శ్రీధర్ గారికి ఫోన్ చేశాను. ఆయనది గుడివాడ దగ్గర ఊరు. రైల్వేలో పట్టాల కొలతలు చూసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఉన్నారు. టైర్ల కొలత ఒకసారి చూసిపెట్టమని అడిగాను. తమ వీధి చివరకు రమ్మన్నారు. పదకొండున్నరకు వెళ్లేసరికి చేతిలో ఇనుప టేపుతో నిలబడి ఉన్నారు.

నాచారం పారిశ్రామికవాడలో యాదగిరి అనే ఆయన టైర్ల దుకాణం ఉంది. దుకాణం పెట్టక ముందు పన్నెండేళ్లు లారీ నడిపి, కశ్మీర్ నుంచి ఆపిల్ పండ్లు తెచ్చిన మనిషి. విషయం చెప్పగానే స్టీరింగ్ మొత్తం ఒక పక్కకు తిప్పమని, ముందు చక్రం వెనక్కి వంగి చూశాడు. లోపలి ప్లాస్టిక్ మీద టైరు రాసుకున్న నల్లటి గీతలున్నాయి. శ్రీధర్ గారు టైరుకూ షాక్ అబ్జార్బర్‌కూ మధ్య వేలు పెట్టారు. ఒక్క వేలు కూడా సరిగ్గా దూరలేదు.

"గిండ్ల గొలుసు ఏడ పడ్తదన్నా? మంచు మీద బండి తేలొద్దు, లోపలికి దిగాలె. వెడల్పు టైరు తేలుతది," అన్నాడు యాదగిరి.

శ్రీధర్ గారు డ్రైవర్ తలుపు తెరిచి, దాని అంచున కంపెనీ అంటించిన చీటీ చదివారు. 235/65 R17. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం టైరు గోడ ఎత్తో, చివరిది అంగుళాల్లో రిమ్ము. కాగితం మీద లెక్క కడితే నా టైర్ల వ్యాసం కంపెనీ సైజు కంటే దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువని తేలింది. మీటరు అరవై చూపిస్తే నేను అరవైమూడులో వెళ్తున్నానన్న మాట. ఆయన ఆ లెక్క కాగితం నా చేతికిచ్చి తలుపు మూశారు. ఏదైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

"అన్నయ్యా, ఈ సైజు నేనే ఏరికోరి వేయించాను, బండి దర్జాగా కనిపించాలని. వేసిన మనిషి వద్దన్నాడు కూడా. మీ చెయ్యి విరిగింది నా వల్ల," అన్నాను.

ఆయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నారు. "గొలుసు పట్టనప్పుడే తెలిసింది తమ్ముడూ. నువ్వెప్పుడు చెబుతావా అని చూశాను, అంతే." దుకాణం లోపలికి చూపిస్తూ, "ఇంకా సన్నవి ఉన్నాయేమో అడుగు," అన్నారు.

225/65 ఉందని, మంచుకు అది ఇంకా నయమని యాదగిరి చెప్పాడు. కానీ దాని పక్కన రాసున్న, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే సంఖ్య 102, చీటీలో ఉన్నది 108. సామానుతో ఆరుగురం ఎక్కే బండికి అది చాలదని శ్రీధర్ గారు ఒప్పుకోలేదు. చివరికి కంపెనీ సైజుకే వచ్చాం. మంచుదేశాల్లో వాడే మెత్తని రబ్బరు మన ఎండలకు త్వరగా అరిగిపోతుందట, అందుకని మంచుకు పనికొస్తుందని చెప్పే పర్వతమూ మంచురేకూ గుర్తు పక్కన ఉన్న, అన్ని దారులకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం ఎంచుకున్నాం. ఒక్కోటి పదిహేను వేల దాకా అయింది. గోడౌన్ నుంచి టైర్లు వచ్చేలోపు దగ్గరి మెస్సులో భోజనం చేశాం. బిగించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ముగించేసరికి నాలుగున్నర. బండి రెండు సెంటీమీటర్లు కిందికి దిగింది. చూస్తే కాస్త వెలితిగా అనిపించిన మాట నిజం. ఉప్పల్ దాకా ఒక రౌండు వేసి వచ్చేసరికి స్టీరింగ్ ఎంత తేలికైందో తెలిసి ఆ వెలితి పోయింది. ఇంటి దగ్గర దిగుతూ శ్రీధర్ గారు, ముందు సీటు ఖాళీ ఉంచమన్నారు.

జనవరిలో ఆరుగురం ఒకే కారులో వెళ్లాం. సొరంగం దాటగానే గొలుసులు వేసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండో గేరులో, పదిహేను వేగంతో దిగాను. పాత మలుపు దగ్గర కావాలనే బ్రేకు నొక్కి చూశాను. బండి కొంచెం గునిసి నిలబడిపోయింది. ముందు సీట్లోంచి శ్రీధర్ గారు సిస్సులో టీ ఎక్కడ బాగుంటుందని అడిగారు.

మంచులో భద్రత చాలావరకు బయల్దేరకముందే, ఊళ్లోనే తేలిపోతుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. సరైన సైజు మీ బండి తలుపు అంచున ఏనాడో రాసిపెట్టి ఉంది, దాన్ని చదివే ఓపిక ఉంటే చాలు. నాకు ఆ ఓపికకు రెండేళ్లు పట్టింది, ఒప్పుకోవడానికి ఇంకో మనిషి చెయ్యి విరగాల్సి వచ్చింది. ఒక్క సలహా: గొలుసులు ఇక్కడే కొని, మీ ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి వేసి, స్టీరింగ్ రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడైనా తగిలితే, ఆ టైర్లతో కొండ ఎక్కకండి.