ఖలందర్ మొద్దు చేసిన కత్తులు

ఖలందర్ పోయిన రోజున మా వీధి వీధంతా అతని గుమ్మం ముందు చేరి, సాన పట్టడంలో అంతటి పనివాడు మాచర్లలోనే లేడని పొగిడింది. ఆ పొగిడిన వాళ్ళలో ఒక్కరు కూడా నాలుగేళ్ళుగా అతని చేతికి కత్తి ఇచ్చింది లేదు. ఇవ్వకుండా చేసిన నోరు నాది. అందుకని ఇది నేనే రాయాలి.

వాళ్ళది మా ఎదురిల్లు. సైకిలు మీద గుండ్రటి సానరాయి బిగించుకుని, స్టాండు వేసి పెడల్ తొక్కుతూ కత్తులకూ కత్తెర్లకూ సాన పట్టేవాడు. భార్య అబిదా ఇంట్లోనే గాజులమ్మేది. పట్టిన ప్రతి కత్తినీ బొటనవేలి గోటి మీద ఆనించి చూసుకుని గాని తిరిగి ఇచ్చేవాడు కాదు.

ఎనభై నాలుగు కార్తీకంలో, ఎప్పటిలాగే, కారెంపూడి తిరునాళ్ళకు పోయాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట పల్నాటి వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నరుక్కుని చచ్చిన చోటది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళందరూ వస్తారు, కొడవళ్ళు తెస్తారు, బేరం బాగుంటుంది. పోయినవాడి జాడ తొమ్మిది రోజులు లేదు. సైకిలు మాత్రం నాగులేటి గట్టున నిలబడి ఉందన్నారు.

పదో రోజున బస్సు దిగాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. సానరాయి గుడ్డలో మూటగట్టి నెత్తిన పెట్టుకున్నాడు. భుజం మీద మానిన గాయం. గడ్డం గుబురుగా గొంతు దాకా దిగింది. తొమ్మిది రోజుల్లో ఏ మగవాడికీ అంత గడ్డం రాదు. అబిదా నీళ్ళు తోడటానికి లోపలికి పోయింది. నేను ఊరుకుంటానా?

"ఎక్కడ పడున్నావురా ఇన్నాళ్ళూ?"

"యుద్ధంలో ఉన్నానక్కా."

"ఏ యుద్ధంరా? పాకిస్తానోళ్ళతోనా?"

"కారెంపూడి యుద్ధమే. ఏట్లో రాయి కడుక్కుందామని మునిగి లేస్తే తిరునాళ్ళు లేదు. దండు ఉంది. నాలుగు నెలలున్నా."

పగలబడి నవ్వాను. నవ్వి, ఎవరినైనా ముందు అడిగే మాటే అడిగాను. "మరి తిండేంది నీకు?"

"జొన్న సంకటి, మిరియాల నీళ్ళు. కారం లేదక్కా. నాలుగు నెలలు మిరపకాయను కంటితో చూళ్ళేదు. అడిగితే ఆ పేరే ఎరగమన్నారు."

పల్నాట్లో మిరపకాయ లేకపోవడమేమిటి? మర్నాడే పోయి బళ్ళో ప్రభాకరరావు మాస్టారిని పట్టుకున్నాను. "నిజమేనమ్మా, మిరప మన దేశానికి ఓడల మీద వచ్చింది. అయిదొందల ఏళ్ళు కూడా కాలేదు. ఎవరు చెప్పారు మీకు?" అన్నాడాయన. నేను చెప్పలేదు. ఖలందర్ బస్సు బోర్డు కూడా చదవలేడు. ఆ రోజు నుంచి అతని మాట నేను నమ్మాను.

రోజూ అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కొంచెం కొంచెం లాగాను. శత్రువుల వేగువాడనుకుని తల తీయబోయారట. ఆ సానరాయే బతికించింది. కమ్మరి వాళ్ళు దానికి కొయ్య చట్రం కట్టి, దండులోని కత్తులన్నీ తెచ్చి ముందు పోశారు. పారిపోకుండా ఎర్రపోతు అనే కాపలావాణ్ణి పెట్టారు. వాడు కత్తి పట్టిన రైతు. తన సంకటిలో సగం పెట్టేవాడు. ఊళ్ళో కూతురు పుట్టిందని కబురొచ్చింది గాని, ఇంకా చూడలేదు.

ఆ యుద్ధం ఎలా ముగిసిందో పల్నాట్లో ఎవరికి తెలియదు? పారిపొమ్మని ఖలందర్ వాడి కాళ్ళు పట్టుకున్నాడు.

"రేపటి సంగతి ఎరిగినవాడివి గదా, మా వాళ్ళు గెలుస్తారా?" అని వాడు నవ్వాడట.

"నువ్వు లేని గెలుపు నీకెందుకన్నా?" అన్నాడట ఇతను.

దండునాయకుల దగ్గరికి పోయి యుద్ధం మానమని చెబితే కొరడాతో కొట్టించారు. ఆ భుజం మీది గాయం అదే. ఇక చేతిలో మిగిలింది పని ఒక్కటే. తను నేర్చిన పనిని తిరగేశాడు. కత్తికి మెరుపు పెట్టి, వాదర పదును తీసేశాడు. చూస్తే తళతళ, కోస్తే దోసకాయ కూడా తెగదు. మూడు వందల కత్తులు అలా చేశాడు. ఎర్రపోతు కత్తి కూడా.

"ఎందుకురా అట్టా చేశావు?" అన్నాను.

"మన వీధిలో కత్తి తెగకపోతే ఏం చేస్తారక్కా? నన్ను తిట్టి, కత్తి మూల పడేస్తారు. వాళ్ళూ అట్టనే పడేసి కొంపలకు పోతారనుకున్నా."

"మరి అవతలోళ్ళ కత్తులో?"

గ్లాసులో మిగిలిన టీ అరుగు కింద పారబోశాడు.

"వాళ్ళకింకో సానోడు ఉంటాడని తట్టలేదక్కా. నేను తిరిగే ఊళ్ళల్లో నేను తప్ప ఇంకో సానోడు ఎప్పుడూ లేడు గదా."

మూడు వందల మందీ కర్రలు పట్టుకున్న వాళ్ళలా చచ్చారట. ఎర్రపోతు ఒకణ్ణి మెడ మీద మూడుసార్లు కొట్టాడు. తెగలేదు. నాలుగో దెబ్బ అవతలివాడు కొట్టాడు.

"ఆ పొద్దున యుద్ధానికి పోతా పోతా నా భుజం తట్టాడక్కా. 'బాగా పట్టావు తమ్ముడా, మొహం కనబడతంది' అన్నాడు."

చద్దామని రాయి కౌగిలించుకుని ఏట్లో మునిగితే, లేచేసరికి తిరునాళ్ళ డప్పులు వినిపించాయట.

నేను మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు పంపు దగ్గర హజ్రా బీకి చెప్పాను, ఎవరికీ చెప్పొద్దని. సాయంత్రానికల్లా బజారంతా తెలిసింది.

"ఒరేయ్ ఖలందరూ, నా గడ్డం కత్తికి సాన పడితే ఈసారి ఏ రాజ్యం కూలుద్దిరా?" అని మంగలి షాపు నాగేశ్వరరావు అరిచాడు. ఆడవాళ్ళు కత్తిపీటలు బయటికి తీయడం మానేశారు. పిచ్చివాడని కాదు, చూసేందుకు మెరుపు పెట్టి మొద్దు కత్తి ఇస్తాడని. కసాయి మీరా సాహెబ్ మాత్రం ఎగతాళి చేయలేదు. ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "మొద్దు కత్తి పెడితే జీవానికి హింస, నాకు గునా, పాపం. అనుమానంతో కత్తి ఎత్తలేను తమ్ముడూ." ఖలందర్‌ను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది ఆ మాటే.

"పిచ్చోడంటే జాలన్నా పడేవోళ్ళక్కా. నువ్వు నా మొగుణ్ణి పనిదొంగను చేశావు" అంది అబిదా.

ఆ తర్వాత ఏటా కార్తీకంలో రాయి తీసుకుని కారెంపూడి పోయేవాడు. అదే చోట మునిగేవాడు. తడి బట్టలతో, పోయినప్పటి గడ్డంతోనే తిరిగొచ్చేవాడు.

"మళ్ళీ పోయి యుద్ధం ఆపుతావా ఏంది?" అని ఒకసారి అడిగాను.

"అది నాతో అయ్యేది కాదక్కా. ఎర్రపోతు కత్తి ఒక్కటి పట్టాలి. చస్తే చస్తాడు. చేతిలో తెగే కత్తి ఉండి చావాలి."

ఎనభై ఎనిమిదిలో దసరా నుంచీ దగ్గు పట్టుకుంది. పోవద్దని అబిదా ఏడ్చినా వినలేదు. బయల్దేరే పొద్దున నున్నగా గడ్డం గీసుకున్నాడు. "మళ్ళీ నాలుగు నెలలు క్షౌరం ఉండదు గదక్కా" అని నాతో నవ్వాడు. అడగకుండానే మా కత్తిపీట తీసి సాన పట్టి, గోటి మీద ఆనించి చూశాడు.

"చెయ్యి చెడలేదు. జాగర్త, తెగుద్ది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పోలీసుల జీపులో తెచ్చారు. మోకాటి లోతు నీళ్ళలో దొరికాడట. సానరాయి నడుముకు కట్టుకునే ఉన్నాడు. కాలుజారి పడ్డాడని రాసుకున్నారు. వీధి అంతా చేరి పొగడ్తలు మొదలుపెట్టింది అప్పుడే.

అబిదా నన్ను లోపలికి పిలిచి, మొహం మీది గుడ్డ తీసింది. ఇద్దరం చూసింది చుబుకమే. ఒక్క రోజు గరుకు.

"పెరగలేదక్కా" అంది.

"పెరగలేదమ్మా" అన్నాను.

బయట నాగేశ్వరరావు గొంతు వినబడుతోంది, ఖలందర్ పట్టిన కత్తి వెంట్రుకను నిలువునా చీల్చేదని. అబిదా గుడ్డ మళ్ళీ కప్పింది. ఎర్రపోతు చేతిలో మొద్దు కత్తే ఉండిపోయింది.